గాజుగుడ్డ

కుడి చెయ్యి ముందు ఇవ్వదు నేలిదా.
ఎప్పుడూ ఎడమే.
కుర్చీని తిరగేసి కూర్చుని
దాని వీపు మీద మోచెయ్యి ఆనించి
వేళ్లు విప్పుతుంది.
పదకొండేళ్లు ఆ వేళ్ల మధ్య గాజుగుడ్డ చుట్టాను.
సంతలో ముఖం కన్నా ముందు
ఆ చేతుల్నే గుర్తుపడతాను.

మొదటిసారి వచ్చినప్పుడు చేప వాసన.
రాసన్ రేవులో రొయ్యలు ఒలిచే షెడ్డు,
రాత్రి డ్యూటీ దిగి తిన్నగా జిమ్ముకి.
గోళ్ల చుట్టూ ఉప్పు కోసిన గీతలు.
"మంట పుడుతుందేమో, వదులుగా చుట్టనా?"
"గట్టిగానే చుట్టు దోన్యా ఎల్సిరా,
వదులుగా ఉంటే వణుకుతాయి."
పందొమ్మిదేళ్లు, యాభై కిలోలు.
అందులో సగం గాలే అనుకున్నాను,
మా ఊళ్లో గాలి లారీల్ని పడదోస్తుందని మరిచిపోయి.

మొదటి పోటీ గొర్రెల సంత కొట్టంలో.
ఉన్ని మూటల మీద కూర్చున్న మగవాళ్లు
ఈలలు వేశారు, పొయ్యి మీద ఏం పెట్టొచ్చావని అడిగారు.
రెండో రౌండులో ఈలలు ఆగాయి.
అవతలి పిల్ల పక్కటెముకల కింద
ఎడమ చేత్తో ఒక్కటే దెబ్బ,
తడి దుప్పటి దులిపిన చప్పుడు.
ఇప్పటికీ పక్కింటావిడ బట్టలు ఆరేస్తే
ఉలిక్కిపడతాను.

బస్సులో డబ్బు లెక్కపెట్టాం.
టికెట్లకి పోగా ఒక కోడి, రెండు జతల మేజోళ్లు.
పిడికిలికీ భిక్షకీ ఒకే మాట ఉన్న భాష
ఎక్కడో ఉందట.
ఆ భాషవాళ్లు మా మేనేజరుని ఎరిగినవాళ్లే అయ్యుంటారు.

పద్దెనిమిది గెలుపులు, ఒక సమం, ఆ తర్వాత బెల్టు:
ఇవి పత్రికల్లో పడ్డాయి.
పడనివి నా దగ్గరున్నాయి.
తూకం ముందు రాత్రి రెండు వందల గ్రాములు ఎక్కువై
ప్లాస్టిక్ గ్లాసులోకి ఉమ్ముతూ కూర్చోవడం,
జడ కోసెయ్యమని నా చేతికి కత్తెర ఇవ్వడం,
కోశాక కూడా ముల్లు ఇంకా పైనే ఉంటే
ఇద్దరం నవ్వి నవ్వి చెమటలు పట్టడం,
ఆ నవ్వుకే కరిగింది ఆ మిగిలిన కాస్తా.
గెలిచిన రాత్రి హోటల్లో వేడినీళ్లు లేవు.
బెల్టుని పక్కన పడుకోబెట్టుకుని
"పాపం, చల్లగా ఉంది" అని
తన దుప్పటి దానికి కప్పింది.

ఏడోసారి దాన్ని నిలబెట్టుకుంటున్నప్పుడు,
ఐదో రౌండు చివర మూలకి వచ్చి
కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది
నిద్రపోయిన పసిపిల్లని పెట్టుకున్నట్టు.
చుట్టిన చేతులు నావి. నాకు తెలియదా
లోపల ఎముక విరిగిందని?
అరవై సెకన్లు.
చెప్పొద్దని కళ్లతో అంది.
చెప్పలేదు.
మిగతా ఐదు రౌండ్లూ ఎడమ చేత్తోనే గెలిచింది.
జనం నన్ను కూడా కౌగిలించుకున్నారు.
ఆ చేతులు ఇంకా నా మెడ మీద నుంచి దిగలేదు.

తర్వాత ఏడాది ఇరవయ్యేళ్ల పిల్ల ఒకతి
బెల్టు పట్టుకుపోయింది,
మర్యాదగా, నుదుటి మీద ముద్దు పెట్టి మరీ.
నేలిదా ఇప్పుడు అదే షెడ్డులో సూపర్‌వైజరు.
కుడి పిడికిలి పూర్తిగా ముడుచుకోదు.
చిటికెన వేలు ఒకటి ఎప్పుడూ
ఏదో చెప్పబోతున్నట్టు లేచి ఉంటుంది.

మొన్న మంగళవారం, గాలి రేకుల్ని పీకుతుంటే,
వచ్చి కుర్చీ తిరగేసింది.
"పోటీ ఏం లేదు. ఊరికే చుట్టు."
చుట్టాను. మెటికల మీద తొమ్మిది పొరలు,
వేలికీ వేలికీ మధ్య ఒక మెలిక,
ఒక్క ముడత లేకుండా.
కట్టాక గానీ గుర్తురాలేదు ఇద్దరికీ,
పొయ్యి మీద మాతే టీ మరుగుతోందని,
ఆ చేతులతో బుర్ర పట్టుకోలేదని.
గొట్టం నేనే నోటికి అందించాను.
తాగుతూ
తలుపు వైపు చూస్తూ కూర్చుంది,
మడమలు నేల మీద ఆనకుండా.